ద్రాక్షతోటలో నాలుగు గుక్కలు, ఆ పైన సముద్రం

జగ్గయ్యపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అబ్బాయి ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడట. డిసెంబరులో దంపతులిద్దరూ అతని దగ్గరకు వెళ్తున్నారు. మెల్‌బోర్న్‌కు గంట ప్రయాణంలో మార్నింగ్టన్ ద్వీపకల్పం ఉంది. నడుమ ద్రాక్షతోటలు, అంచున సముద్రం. పదిమంది పట్టే వ్యానులో మధ్యాహ్నం తీసుకెళ్ళి, మూడు తోటల్లో వైన్ రుచి చూపించి, సముద్రపొడ్డున కాసేపు ఆపి, సాయంత్రానికి ఇంటి దగ్గర దింపుతారు. అబ్బాయి అప్పుడే టిక్కెట్లు కొనేశాడు. "మావారికి 64 ఏళ్ళు. చక్కెర వ్యాధికి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, రక్తపోటుకు మరో మాత్ర వాడుతున్నారు. తాగుడు అలవాటు లేదు. వైన్ ద్రాక్షరసమే కదా, గుండెకు మంచిదే కదా అంటున్నారు. పంపమంటారా?" అని ఆమె ప్రశ్న.

ద్రాక్షరసమే, కాదనను. కాని పులిసిన ద్రాక్షరసం. మన తాటికల్లు పులిసినట్టే ఇదీ పులుస్తుంది. కల్లులో ఆల్కహాల్ సుమారు 4, 5 శాతం ఉంటే వైన్‌లో 12 నుంచి 14. (మన ఊళ్ళలో వైన్ షాపు అని బోర్డు కట్టి అమ్మేది ఎక్కువగా బ్రాందీ, విస్కీలే కనుక, అసలు వైన్ ఏదో తేలిక సరుకనే భ్రమ చాలామందిలో ఉంది.) గుండెకు మంచిదన్న మాట ఒకప్పుడు వైద్యులూ అన్నదే. ఇప్పుడది నిలవడం లేదు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

రుచి చూడ్డమే కదా అంటారేమో, లెక్క వేద్దాం. ఒక్కో రకం 30 మి.లీ. చొప్పున, తోటకు అయిదు రకాలు అనుకుంటే, మూడు తోటల్లో 450 మి.లీ. అవుతుంది. అందులో ఆల్కహాల్ సుమారు 45 గ్రాములు. పెద్ద సీసా బీరు ఒకటీ ముప్పావు తాగినట్టే. లివరు గంటకు 10 గ్రాములకు మించి ఖర్చు చేయడం కష్టం. వృత్తిగా రుచి చూసేవారు నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారు. అదేమీ అమర్యాద కాదు. డబ్బిచ్చాం కదా అని మింగేది మనమే.

ఇక అసలు ప్రమాదం. రక్తంలో చక్కెర తగ్గినప్పుడు లివరు కొంత చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆల్కహాల్ లోపలికి పోయాక ఆ తయారీ మందగిస్తుంది. గ్లిమిపిరైడ్ మాత్రం తన పని తాను చేసుకుపోతూ చక్కెరను దించుతూనే ఉంటుంది. ఆ పూట భోజనం ఆలస్యమై, ఆ పైన ఇసుకలో నడిస్తే చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు, అడుగు తూలడం. పక్కవారు ఏమనుకుంటారు? "పెద్దాయనకు అప్పుడే ఎక్కింది" అని నవ్వుకుంటారు. ఆ నవ్వుల్లో గడిచే నిమిషాలు ప్రాణం మీదికి తెస్తాయి. పైగా ఇది వ్యానులోనే రావాలని లేదు. ఇంటికొచ్చి అలసి పడుకున్నాక, తెల్లవారుజామున కూడా రావచ్చు.

అటువంటప్పుడు మెలకువగా ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తరువాత ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సును పిలవాలి. అక్కడ ఆ నంబరు 000.

సముద్రం సంగతి మరొక ఉత్తరంతో కలిపి చెబుతాను. నందిగామ యువకుడొకరు స్నేహితులతో విజయవాడ, బందరు మీదుగా మంగినపూడి వెళ్తూ, దారిలో బీరు తాగితే ఒంటికి చలవ కదా అని అడిగారు. చలవ కాదు నాయనా, మూత్రం ఎక్కువై ఒంట్లో నీరు పోతుంది. అలను అంచనా వేసే తెలివీ మొద్దుబారుతుంది. మెల్‌బోర్న్ వైపు నీళ్ళు వేసవిలో కూడా చల్లన. తాగినవాడికి ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టే అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం జారిపోతుంటుంది. మంగినపూడి అయినా మార్నింగ్టన్ అయినా, తాగినవారు ఆ రోజు మోకాటిలోతు నీళ్ళలోకి కూడా దిగవద్దు.

అమ్మా, మీవారిని పంపండి, మీరూ వెళ్ళండి. వైన్ ముట్టకపోతే మరీ మంచిది. ఆయనకు మరీ మనసైతే భోజనం చేశాక రెండు రకాలు, అవీ ఉమ్మేసే షరతు మీద. ఆ రోజు మాత్రల సంగతి బయల్దేరేముందే మీ డాక్టరు గారిని అడగండి, ఉత్తరం చూసి నేను మోతాదు మార్చలేను. రాత్రి పడుకునేముందు చక్కెర పరీక్ష చేసి, ఏదైనా తినిపించి పడుకోబెట్టండి. పంచదార పొట్లం ఆయన జేబులో కాదు, మీ చేతిసంచిలో ఉంచుకోండి. అది అవసరమైన వేళకు జేబు వెతుక్కునే స్థితిలో ఆయన ఉండరు.