నాణెం కొంటున్నారా? పెట్టె కొంటున్నారా?

వెండితెరను ఏలిన అన్నగారు వెండినాణెం మీదికీ ఎక్కారు! ఎన్.టి. రామారావు శతజయంతికి కేంద్ర ప్రభుత్వం వేసిన వంద రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము గారు విడుదల చేశారు. ఆ వెంటనే హైదరాబాద్ టంకశాల కౌంటర్ల ముందు అభిమానులు కట్టిన క్యూలు బెనిఫిట్ షోలను తలపించాయి.

అప్పట్లో కౌంటర్లో పెట్టిన ధరలు మూడు. మామూలు నాణెం ఫోల్డరులో అయితే 4,050 రూపాయలు. ప్రూఫ్ నాణెం ఫోల్డరులో 4,380. చెక్కపెట్టెలో అయితే 4,850. వంద రూపాయల బిళ్లకు ఇంతా అని నోరు వెళ్లబెట్టకండి. ఇది బజారులో చెలామణీకి వేసింది కాదు. బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, నికెలూ జింకూ చెరి 5 శాతం.

నాకు తమాషాగా అనిపించింది ఆ ధరల మధ్య తేడా. మామూలు నాణేనికీ, అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేనికీ తేడా 330 రూపాయలు. ఫోల్డరుకీ చెక్కపెట్టెకీ తేడా 470! అంటే నాణెం మెరుగైనదానికన్నా పెట్టె మెరుగైనందుకే ఎక్కువ కడుతున్నామన్నమాట. తప్పని నేననను. గ్రామఫోను రికార్డులు దాచేవాళ్లని అడగండి. అట్ట చిరిగిపోయినా రికార్డు పాడుతుంది. కానీ అమ్మబోతే మాత్రం అట్ట ఉన్నదానికే గిరాకీ.

మరి సర్టిఫికెట్టు సంగతి? ఇక్కడే కుర్రాళ్లు బోల్తా పడేది. నాణెంతో వచ్చే కార్డు మీద లోహం, బరువు, సైజు ఉంటాయి. అవి ఆ రకం నాణేల వివరాలు. మీ చేతిలో ఉన్న బిళ్ల అసలుదని ఆ కాగితం ఎలా చెబుతుంది? ఖాళీ ఫోల్డరులో ఇంకో బిళ్ల దూర్చి అమ్మడానికి గొప్ప తెలివేమీ అక్కర్లేదు. అచ్చు కార్డు కూడా అచ్చు వేయించుకోవచ్చు. అసలు సాక్ష్యం నాణెమే. 35 గ్రాములు తూగాలి. అడ్డం కొలిస్తే 44 మిల్లీమీటర్లుండాలి. అయస్కాంతం పెడితే అంటుకోకూడదు. టంకశాల గుర్తు కూడా చూడండి. చిత్రంగా, హైదరాబాద్ టంకశాల వాడే గుర్తు చిన్న నక్షత్రం!

చెలామణీకి వచ్చిన స్మారక నాణేలకైతే ఈ గొడవే లేదు. 1982 ఏషియాడ్ రెండు రూపాయల బిళ్ల, 1985 ఇందిరాగాంధీ అర్ధరూపాయి, 1989 నెహ్రూ రూపాయి... ఇవన్నీ సినిమా హాలు బుకింగులో చిల్లరగా చేతికొచ్చినవే. వాటికి సర్టిఫికెట్టు అడిగితే నవ్విపోతారు.

మా మేనల్లుడు మొదటి జీతం అందుకోగానే వాళ్ల నాన్నకి ఈ నాణెం కొనిపెడదామని బయలుదేరాడు. ఒకతను అమ్మకానికి పెట్టాడట.

"మావయ్యా, పెట్టె లేదట, కార్డు లేదట. వెయ్యి తక్కువకిస్తానంటున్నాడు. తీసుకోనా?"

"ముందు అది ప్రూఫా, మామూలుదా అడుగు" అన్నాను.

తేడా అక్కడుంది. ప్రూఫ్ నాణేన్ని మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద ఒకటికి రెండుసార్లు కొడతారు. వేలిముద్ర పడితే చాలు, ఆ అద్దం మసకబారుతుంది. గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసి జేబులో వేసుకు తిరిగిన ప్రూఫ్ నాణెం నాకు వద్దు. చౌకగా వచ్చినా వద్దు. ఆ డబ్బీ అలంకారం కాదు, కవచం. మామూలు నాణేనికి అంత పట్టింపు లేదు. కంసాలి త్రాసులో సరిగ్గా తూగితే పెట్టె లేకపోయినా నిక్షేపంలా కొనుక్కోవచ్చు. రేపు మళ్లీ అమ్మాలంటే ధర కాస్త తెగ్గోస్తారు, అంతే.

అన్నట్టు, అన్ని కవర్లూ మంచివి కావు. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్లతరబడి ఉంచితే నాణేనికి పచ్చటి జిగురు పడుతుంది. రబ్బరుబ్యాండు చుట్టినచోట వెండి నల్లబడుతుంది. నల్లబడింది కదా అని విభూతితోనో చింతపండుతోనో తోమేరు సుమా! పూజాసామాను వేరు, ఇది వేరు. నలుపు ఉన్న నాణేన్నయినా కొంటారు గానీ, తోమి గీతలు పడ్డదాన్ని పోగుచేసేవాళ్లు ముట్టుకోరు.

మేనల్లుడు ఆ బిళ్లని తూకం వేయించాకే కొన్నాడు. మా బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో రామారావు గారి మొహం నిమిరి, కళ్లకద్దుకున్నాడు. "నాన్నా, వేలిముద్రలు పడతాయి, ముట్టుకోకు" అంటున్నాడు వీడు.

"రామారావుని ముట్టుకోవద్దంటే ఎట్లారా?" అన్నాడు బావ.

నేనేమీ అనలేదు. అది మామూలు నాణెమే లెండి, ప్రూఫ్ కాదు.