కాంటాక్టు లెన్సుల నీళ్ళలో ఏముంది?



మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే అమ్మాయో, అబ్బాయో కాంటాక్టు లెన్సులు వాడుతున్నారా? అయితే రాత్రిపూట ఆ లెన్సులను నానబెట్టే ద్రావణం గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం. చూడడానికి అది నీళ్ళలాగే ఉంటుంది. "దీనికింత డబ్బెందుకు? కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తే పోలేదా?" అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే.

మెత్తని లెన్సు గాజు కాదు, నీటిని పీల్చుకునే ప్లాస్టిక్కు. అందుకే కంటికి హాయిగా ఉంటుంది. చిక్కూ అందులోనే ఉంది. కన్నీటిలోని మాంసకృత్తులు, కొవ్వు, వేళ్ళమీది సూక్ష్మజీవులు రోజంతా దాన్ని పట్టుకుంటాయి.

ద్రావణం చేసే పనులు మూడు. మొదటిది, దానిలోని ఉప్పదనం ఇంచుమించు కన్నీటికి సమానం. కనుక లెన్సు ఉబ్బదు, ముడుచుకోదు, కన్ను మండదు. రెండవది, సబ్బులాంటి పదార్థం జిడ్డును వదలగొడుతుంది. మూడవది, క్రిమిసంహారకం. దీని అణువులకు ధన విద్యుదావేశం, బాక్టీరియా పైపొరకు రుణ విద్యుదావేశం. రెండూ అతుక్కుంటాయి. పొర చిరిగి క్రిమి చస్తుంది. ఈ పని జరగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే సీసామీద రాసినంతసేపూ నాననివ్వాలి.

మరి మంచినీళ్ళు ఎందుకు పనికిరావు? కుళాయి నీళ్ళలో, బోరు నీళ్ళలో అకంథమీబా అనే జీవి ఉండవచ్చు. అది నల్లగుడ్డుమీద పుండు చేస్తే చూపే పోవచ్చు. కాచిన నీళ్ళలో క్రిములు చచ్చినా ఉప్పదనం ఉండదు, జిడ్డు వదలదు, తర్వాత చేరే క్రిములను ఆపే గుణమూ ఉండదు.

ఇంకొక మాట. 2006లో ఫ్యుజేరియం అనే బూజు పలు దేశాల్లో లెన్సులు వాడేవారి కళ్ళకు సోకింది. ఒక రకం ద్రావణాన్ని ప్రపంచమంతటా అమ్మకం నుంచి తీసివేశారు. ఆ ద్రావణం వాడినవారిలోనూ, డబ్బీలోని పాత ద్రావణాన్నే తిరిగి వాడినవారికి జబ్బు ఎక్కువగా వచ్చినట్టు తేలింది. కాబట్టి పొద్దున్నే డబ్బీ ఖాళీ చేసి, కొత్త ద్రావణంతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. మూడు నెలలకొకసారి డబ్బీ మార్చండి.

మన సరిహద్దు ఊళ్ళలో మందుల దుకాణంలో మీరు కన్నడంలో అడిగినా, తమిళంలో అడిగినా, ఒరియాలో అడిగినా ఒక్క మాట మరవకండి: "సెలైన్" కాదు, "మల్టీపర్పస్ సొల్యూషన్". సెలైన్ వట్టి ఉప్పునీరు. అది క్రిములను చంపదు.

కన్ను ఎర్రబడి, నొప్పిపెట్టి, వెలుతురు చూడలేకపోతే వెంటనే లెన్సు తీసేయండి. చుక్కల మందు మీరే కొని వేసుకోకుండా, ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.