బొమ్మ బాగుంది, మరి ఇల్లు చల్లగా ఉంటుందా?

ఇల్లు కట్టబోయే చోట మేస్త్రి ముగ్గు పోయటం మీరు చూసే ఉంటారు. ఆ గీతలు ఎక్కడ, ఎందుకు ఉండాలో ఆలోచించటం నేర్పే చదువే ఆర్కిటెక్చర్. మన దేశంలో ఇది అయిదేళ్ళ చదువు. విజయవాడలో 2008లో ఏర్పడిన ప్రణాళిక, వాస్తు విద్యాలయంలోనూ, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలోనూ దీనిని నేర్పుతున్నారు.

అన్ని కళాశాలలూ ఒకే విధంగా నేర్పుతాయా? లేదు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ కళాశాల విద్యార్థి కొన్ని గంటల్లో నమూనా గీసి ఇవ్వాలి. తరువాత ఆ మొదటి ఆలోచన మారకుండా పెద్ద చిత్రాలు గీయాలి. అక్కడ చిత్రానిదే పెద్దపీట. జర్మనీలో 1919 నుండి 1933 వరకు నడిచిన బౌహౌస్‌లో విద్యార్థులు కర్ర, లోహం, నూలు చేతపట్టి పనిచేస్తూ నేర్చుకున్నారు. 1962లో బాలకృష్ణ దోషి అహమ్మదాబాదులో ప్రారంభించిన కళాశాల మన ఎండకూ, మన జీవన విధానానికీ తగిన కట్టడం గురించి ఆలోచించమంది.

మరి విద్యార్థుల నమూనాలలో ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? ఇంటి ముఖం చూపే బొమ్మ చూసి మురిసిపోకండి. ఇంటిని నిలువునా కోసినట్లు చూపే బొమ్మ ఒకటి ఉంటుంది. దానిని 'సెక్షన్' అంటారు. ఎండ ఎంత లోపలికి వస్తుందో, గాలి ఎటు పోతుందో అది చెబుతుంది.

తనకల్లులో ఒక బడి కట్టాలనుకోండి. అనంతపురం కరువు సీమలోని ఈ ఊరు (2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 14 డిగ్రీల దూరంలో ఉంది. కనుక డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు కిటికీ మీద 60 సెంటీమీటర్ల చజ్జా వేస్తే, దాని నీడ 77 సెంటీమీటర్ల మేర కిందికి దిగుతుంది. మిగతా రోజుల్లో సూర్యుడు ఇంకా పైన ఉంటాడు గనుక నీడ మరింత దిగుతుంది.

తూర్పు, పడమరల సంగతి వేరు. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా చజ్జా కిందినుంచే దూరుతుంది. అందుకే బడి పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. పెద్ద కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టాలి.

ఇక నీళ్ళ మాట. ఆ సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 50 చదరపు మీటర్ల మిద్దెపై అంత వాన పడితే 27,500 లీటర్లు! కొంత ఆవిరైనా, మిగిలినది తొట్టిలోకి చేర్చవచ్చు. కరువు సీమలో తొట్టికి చోటు చూపని నమూనా ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

రేపు మధ్యాహ్నం మీ తరగతి గది చజ్జా నీడను కొలిచి చూడండి. తరువాత గదిని నిలువునా కోసినట్లు బొమ్మ గీసి, ఆ నీడను అందులో గుర్తించండి. అది మీ మొదటి సెక్షన్ అవుతుంది!