మన డైరెక్టరీలో చోటు ఎవరికి?

మన తెలుగు సంఘం వెబ్‌సైట్ల డైరెక్టరీ గురించి ఒక పేజీ రాసివ్వమని సంచిక సంపాదకులు అడిగారు. మొదట్నుంచీ ఉన్నవాళ్లం నలుగురం. ఒకరు ఆస్టిన్ వెళ్లిపోయారు, ఒకరు రిటైరై విశాఖలో ఉంటున్నారు, ఇంకొకరు ఇప్పుడు వేరే సంఘంలో పెద్దమనిషి. అంచేత ఈ పని నా మీద పడింది.

1990ల చివర్లో వైటూకే పనుల కోసం బే ఏరియాకి తెలుగువాళ్లు తండోపతండాలుగా వచ్చారు. కొత్తగా దిగినవాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే. గోంగూర ఎక్కడ దొరుకుతుంది? అమ్మాయికి కూచిపూడి ఎవరు నేర్పుతారు? సత్యనారాయణ వ్రతం చేయించే పురోహితులెవరు? లివర్మోర్ గుడికి దారేది? సంఘం ఫోన్ నంబరు మా ఇంటిదే కనుక జవాబులన్నీ మా ఆవిడే చెప్పేది. ఇక్కడే, స్టాన్‌ఫర్డ్‌లో, జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో 1994లో మొదలుపెట్టిన యాహూ జాబితా అప్పటికే లోకప్రసిద్ధం. మనుషులు ఒక్కో సైటూ చూసి వర్గాల్లో సర్దేవారు. అయితే అందులో మన పురోహితులు ఎక్కడుంటారు? మనదే ఒకటి పెట్టుకుందామన్నది అప్పటి కార్యదర్శిగారు. 

సైట్లు పోగెయ్యడం కష్టం కాలేదు. ఏది ఉంచాలి, ఏది వద్దనాలి అన్నదాని మీదే ఆదివారాలు గడిచిపోయేవి. సన్నీవేల్‌లో, మేం అక్కయ్యగారని పిలిచే ఆవిడింట్లో కూర్చునేవాళ్లం.  మొదటి నియమం తేలిగ్గానే తేలింది. ఒకరు సైటు తెరిచి చూడాలి, మరొకరు అందులోని నంబరుకి ఫోన్ చెయ్యాలి, అవతల మనిషి పలకాలి. సైటు కమిటీలో ఎవరి బంధువుదైనా అయితే వాళ్లు మాట్లాడకూడదు. ఈ చివరిది ఎంతమందికి కోపం తెప్పించిందో పాతవాళ్లకి తెలుసు. తెలుగులో ఉన్న సైట్లతో ఇంకో తంటా, ఒక్కోదానికి ఒక్కో ఫాంటు. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చి, యూనికోడ్ అలవాటయ్యేదాకా ప్రతి లింకు పక్కనా ఏ ఫాంటు దింపుకోవాలో మేమే రాసేవాళ్లం.

లోకల్ అంటే ఎక్కడిదాకా అన్నది అసలు తగువు. శాన్‌ఫ్రాన్సిస్కో బే చుట్టూ తొమ్మిది కౌంటీలు, అంతవరకే అని గీత గీశాం. శాక్రమెంటో వాళ్లు నొచ్చుకున్నారు. హైదరాబాదు నుంచి ఇక్కడి పిల్లలకి ఫోన్‌లో సంగీతం చెబుతామన్న గురువుగారినీ వద్దన్నాం. ఆయన విద్వత్తు మీద ఎవరికీ అనుమానం లేదు. కారెక్కి వెళ్లి చూసి రాగలిగినవాళ్లకే మేం పూచీ పడగలం అన్నదే నా వాదన.

తిండి దగ్గర మరీ ఇరుకున పడ్డాం. ఇంట్లో వండి అమ్మే ఆడవాళ్ల మీదే అప్పట్లో మన బ్రహ్మచారులంతా బతికారు, కమిటీవాళ్లతో సహా. కానీ లైసెన్సు లేకుండా ఇంటి వంటగది నుంచి అమ్మకం చట్టం ఒప్పదు. సంఘం పేరుతో లింకు పెట్టి, రేపు ఎవరికైనా కడుపు చెడితే? పెట్టలేదు. వాళ్లు మాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. 2013లో కాలిఫోర్నియా కాటేజ్ ఫుడ్ చట్టం అమల్లోకి వచ్చాక కౌంటీ ఆరోగ్యశాఖ దగ్గర నమోదైనవాళ్లని, పొడుల లాంటి నిలవుండే సరుకు వరకు చేర్చాం. వండిన కూరలకీ వీలిచ్చే చట్టం 2019లో అమలైనా, దాన్ని తీసుకోవాలా వద్దా అన్నది కౌంటీల ఇష్టం. కాబట్టి పొడి అమ్మే పిన్నిగారు జాబితాలో ఉన్నారు, పప్పుచారు పంపే పిన్నిగారు లేరు. ఇద్దరూ ఒకే వీధి.

ఒక ఎన్నికల ఏడాది మనాయన ఒకరు సిటీ కౌన్సిల్‌కి నిలబడి, తన సైటు పెట్టమన్నారు. మనది పన్ను మినహాయింపున్న 501(సి)(3) సంస్థ, అభ్యర్థుల తరఫున ప్రచారం చెయ్యకూడదు. పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2007లో ఇచ్చిన వివరణలో లింకుల ప్రస్తావన కూడా ఉంది. పోటీలో ఉన్న అందరివీ ఒకే తీరున ఇస్తే వేరు, ఒక్కరిదే ఇస్తే అది మొగ్గు చూపినట్టే అనుకునే వీలుంది. స్పాన్సర్ల విషయమూ అంతే. పేరు, లోగో, సైటు చిరునామా ఇస్తే అది కృతజ్ఞత. ‘ఇంత చవక ఇంకెక్కడా లేదు’ అని రాస్తే ప్రకటన. దాని మీద వచ్చే డబ్బుకి పన్ను లెక్క మారొచ్చు. రియల్ ఎస్టేట్ మిత్రులకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మన తర్వాత పుట్టిన సంఘం ఒకటి తన డైరెక్టరీలోకి రుసుము కట్టినవాళ్లందరినీ ఎక్కించింది. లెక్కకి వాళ్ల జాబితా పెద్దదే. జ్యోతిష్యులే ఒక పేజీ ఉంటారు.

ఉచిత సైట్లకి చోటిచ్చిన జియోసిటీస్ 2009లో మూతపడి చిన్న సైట్లు చాలా పోయాయి. ఒక పాటల బడి డొమైన్ గడువు దాటితే, మర్నాటికి అక్కడ జూదం సైటు వెలిసింది. అప్పటినుంచి మూణ్నెల్లకోసారి ప్రతి లింకూ నొక్కి చూడడం మొదలుపెట్టాం. యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, వలంటీర్లు నడిపిన డీమోజ్ 2017లో ఆగిపోయాయి. మనది నడుస్తూనే ఉంది. ఈలోగా వాట్సాప్ వచ్చింది, కోవిడ్ వచ్చింది, కొత్త కమిటీ హంగులు మార్చింది, బావుంది.

 

ఇళ్ల ధరలకి తట్టుకోలేక మనవాళ్లు ఆల్టమాంట్ కొండ దాటి ట్రేసీ, మౌంటెన్ హౌస్ చేరారు. అవి ఉన్నది శాన్ వాకీన్ కౌంటీలో, అది మన తొమ్మిది కౌంటీల్లో లేదు. గీత జరపమని అర్జీ వచ్చింది, వచ్చే సమావేశంలో ఓటింగు. మా పెద్దబ్బాయి ఇల్లు అక్కడే కాబట్టి మన నియమం ప్రకారం నేను నోరెత్తను.