వెన్నులో దాగే క్షయ

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, రైల్వే మార్షలింగ్ యార్డుకు సమీపాన ఉన్న పట్టణం భిలాయి-3. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటినుండి దేశం నలుమూలల శ్రామికులు ఈ ప్రాంతానికి తరలివచ్చారు. ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నాయి. బరువులెత్తే శ్రామికులకు నడుము నొప్పి కొత్త కాదు. అందువల్లనే వెన్నెముక క్షయ తరచు పని అలసటగా పొరబడి, నెలల తరబడి గుర్తింపు లేకుండా మిగిలిపోతుంది.

క్షయక్రిములు సాధారణంగా ఊపిరితిత్తులలో ప్రవేశించి, రక్తం ద్వారా వెన్నుపూసలను చేరుతాయి. పూసలు క్రమంగా శిథిలమై వెన్ను గూనిగా వంగుతుంది. చీము వెన్నుపామును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. ఈ గూనికీ, కాళ్ల చచ్చుదనానికీ గల సంబంధాన్ని 1779లో ఆంగ్ల వైద్యుడు పెర్సివాల్ పాట్ వివరించాడు. క్షయక్రిమిని 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్నాడు.

విశ్రాంతికి లొంగని నొప్పి, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, నడకలో తడబాటు హెచ్చరికలు. కళ్లెపరీక్షలో క్రిములు కనిపించనంత మాత్రాన వ్యాధి లేదనరాదు. ఎక్స్‌రేలో మార్పులు ఆలస్యంగా తెలుస్తాయి, ఎం.ఆర్.ఐ. వాటిని ముందే చూపుతుంది. సూదితో తీసిన నమూనాను పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు; క్రిమి మందులకు లొంగుతుందో లేదో కూడ తెలుసుకొంటారు.

ఒకప్పుడు శస్త్రచికిత్సయే శరణ్యమని భావించేవారు. వారణాసికి చెందిన శస్త్రవైద్యుడు ఎస్.ఎం. తులి 1975లో ప్రకటించిన ‘మధ్యేమార్గం’ ఆ ధోరణిని మార్చింది: ముందు మందులు, అవసరమైతేనే శస్త్రచికిత్స. మద్రాసులో జరిగిన పరిశోధనలు కూడ, చాలమంది రోగులకు మందులే చాలునని నిరూపించాయి. నేడు సాధారణంగా నాలుగు మందులు రెండు నెలలు, పిదప మూడు మందులు పది నెలలు వాడుతారు. నరాల బలహీనత పెరుగుతున్నా, వెన్ను నిలకడ కోల్పోయినా శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

అసలు ప్రమాదం నొప్పి తగ్గగానే మందులు మానడంలో ఉన్నది. పండుగకో, పంట పనులకో స్వగ్రామానికి వెళ్లిన వ్యక్తి చికిత్సకు అంతరాయం కలిగించరాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మందులు ఉచితం. ‘నిక్షయ్’ నమోదు వల్ల భిలాయిలో ప్రారంభించిన చికిత్సను శ్రీకాకుళంలో కొనసాగించవచ్చు. పోషకాహారం కోసం ఇచ్చే నెలసరి సహాయం 2024 నవంబరు నుండి 1,000 రూపాయలకు పెరిగింది.

రాష్ట్రాలు వేరైనా, భాషలు వేరైనా వ్యాధి ఒక్కటే, మందూ ఒక్కటే. సకాలంలో పరీక్ష, సంపూర్ణ చికిత్స జరిగితే వెన్ను వంగకుండా ఆ శ్రామికుడు తిరిగి తన పనికి నిటారుగా నడచిపోగలడు.