పాటకు పాట అంటుకట్టే విద్య

మన భవానీపురంలో డి.జె. అంటే యేమిటని యెవరినైనా అడిగి చూడండి. ఊరేగింపులో లారీ మీద పేర్చిన నల్లటి పెట్టెలు, గుండెల మీద బాదినట్టుండే మోత, వణికే కిటికీ అద్దాలు - యివే చెప్తారు. పెళ్లికి డి.జె., వినాయకుడి నిమజ్జనానికి డి.జె., యెన్నికల గెలుపుకి డి.జె. అసలు అదొక విద్య అనీ, ఆ విద్యలో ఆరితేరినవాళ్లు చేసిన పని రాత్రిపూట కృష్ణ మీద నుంచి వచ్చే గాలిలాగా మెత్తగా కూడా వుంటుందనీ మనలో చాలామందికి తెలియదు. ఆ సంగతి విద్యార్థి మిత్రుల చెవిన వేద్దామనే యీ చిన్న వ్యాసం.

డి.జె. అంటే డిస్క్ జాకీ. మొదట్లో రేడియోలో రికార్డులు వేస్తూ, మధ్యమధ్య నాలుగు మాటలు చెప్పేవాణ్ణి అలా పిలిచేవారు. 1970 ప్రాంతంలో న్యూయార్క్ డాన్సు హాళ్లలో ఆ మాటకి కొత్త అర్థం వచ్చింది. ఒక రికార్డు అయిపోయి యింకొకటి మొదలయ్యేలోపు నిశ్శబ్దం వస్తే ఆడేవాళ్ల కాలు ఆగిపోతుంది కదా! ఆగకుండా వుండాలంటే రెండు టర్న్‌టేబుళ్లు, వాటి నడుమ ఒక మిక్సర్ కావాలి. ఒకదాని మీద పాట నడుస్తూండగానే, రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో తానొక్కడే విని, రెండింటి నడకా ఒకటయ్యేదాకా సవరించి, అప్పుడు మెల్లగా జనంలోకి వదులుతాడు. నూజివీడు వైపు మామిడి తోటల్లో అంటు కట్టేవాడి పని చూసినవాళ్లకి యిది వేరే చెప్పనక్కర్లేదు. కొమ్మకి కొమ్మ అతకాలి, అతుకు మాత్రం కనపడకూడదు.

యిందులో కొంచెం లెక్క వుంది. ఒక పాట నిమిషానికి 120 దెబ్బల మీద, యింకొకటి 124 దెబ్బల మీద నడుస్తున్నాయనుకుందాం. మొదటిదాన్ని సుమారు 3.3 శాతం తొందరపెడితే రెండూ కలుస్తాయి. జపాన్ కంపెనీ మత్సుషితా 1972లో మొదలుపెట్టిన టెక్నిక్స్ ఎస్.ఎల్.-1200 టర్న్‌టేబుల్‌కి తర్వాత వచ్చిన నమూనాలో, వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ ఒక జారుడు మీట పెట్టింది యిందుకే పనికొచ్చింది. కానీ రికార్డు తొందరగా తిరిగితే శ్రుతి కూడా పైకి పోతుంది. 3.3 శాతానికి అర స్వరస్థానం పైచిలుకు తేడా వస్తుంది. కాబట్టి తాళం కలిస్తే చాలదు, శ్రుతి కూడా కలిసే పాటనే వెతుక్కోవాలి. యిప్పటి కంప్యూటర్లు శ్రుతి చెడకుండా వేగం మారుస్తాయి. అయినా యే పాట పక్కన యే పాట వుండాలో చెప్పాల్సింది మనిషి చెవే.

మిక్స్ ఆల్బమ్ అంటే యీ పనిని ఒక గంట సేపు చేసి అచ్చు వేసిన సంపుటం. పాటలు చాలామటుకు యితరులవే, కూర్పు మాత్రం యితనిది. మన రాగమాలికలో ఒక రాగం నుంచి యింకో రాగంలోకి జారేటప్పుడు విద్వాంసుడు చూపించే వొడుపే యిక్కడా అసలు సంగతి. బెర్లిన్‌లోని కె-7 సంస్థ 1995లో 'డి.జె.-కిక్స్' పేరుతో యిలాంటి సంపుటాల వరుస మొదలుపెట్టింది. అందులో 1996లో వియన్నాకు చెందిన క్రూడర్, డార్ఫ్‌మైస్టర్ అనే జంట కూర్చింది యీ నాటికీ చెప్పుకోదగ్గది. జమైకా డబ్ సంగీతపు బరువైన బేస్, జాజ్ ఛాయలు, మసక వెలుగులాంటి నడక అందులో వున్నాయి. నెమ్మది పాటలకీ, దాదాపు రెండింతల వేగంతో పరిగెత్తే పాటలకీ ఒకే గంటలో చోటు దొరికింది. అదెలా అంటారా? 85 దెబ్బల నడకకీ 170 దెబ్బల నడకకీ పేచీ లేదు. ఒకటో కాలం, రెండో కాలం అంతే.

యంత్రంతో చేసే సంగీతానికి యీ ఆర్ద్రత యెక్కడిది? షికాగోలో లారీ హర్డ్ అనే ఆయన 1980ల మధ్యలో డ్రమ్ముల యంత్రం దగ్గర కూర్చుని, దాని మీద జాజ్ తరహా స్వరగుచ్ఛాలు పరిచాడు. నీగ్రో స్పిరిచ్యువల్స్ నుంచి, చర్చి పాటల నుంచి, సోల్ గాయకుల నుంచి వచ్చిన వేదన అలా కరెంటు తీగల్లోకి దిగింది. 2000లో ఫ్రాన్సుకు చెందిన సాన్ జెర్మాన్ 'టూరిస్ట్' ఆల్బమ్‌లో మార్లీనా షా గొంతునీ, డేవ్ బ్రూబెక్ బృందం 'టేక్ ఫైవ్'లోని ముక్కనీ తెచ్చి ఒకే పాటలో కూర్చాడు. ఆ 'టేక్ ఫైవ్' అయిదు దెబ్బల ఆవర్తం మీద నడుస్తుంది. ఖండచాపు తెలిసినవాడికి అది చుట్టం లాంటిదే. బ్రూబెక్ 1958లో మన దేశంలో పర్యటించి, మన వాద్యకారులతో కూర్చున్నవాడు కూడాను.

మనవాళ్లకి యీ దారి కొత్తదేమీ కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించాడు. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశాడు. అందులో మాండలిన్ గమకాల వెనక ఎలక్ట్రానిక్ నాదం పరుచుకుని వుంటుంది, కానీ గమకం మీద పడి దాన్ని నొక్కెయ్యదు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో రిమెంబర్ శక్తిలో వాయించాడు. 2014లో, 45 యేళ్లకే వెళ్లిపోయాడు. గోదావరి డెల్టా కుర్రాడు అందుకున్న ఆ సంగీతం కృష్ణా డెల్టా కుర్రాళ్లకి అందదా?

ఇక మన వీధికి వద్దాం. 85 డెసిబెళ్ల చప్పుడు దగ్గర 8 గంటలు పనిచెయ్యడం చెవికి హద్దు అని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకీ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర పట్టుమని పావుగంటే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ప్రభుత్వం సడలించిన కొద్ది రోజుల్లో తప్ప, ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఊరేగింపులో యీ నియమాల గతి యేమిటో వేరే చెప్పాలా?

అందరికంటే ముందు చెవులు పోగొట్టుకునేది ఆ లారీ మీద నిలబడ్డ కుర్రాడే. అయిదారు గంటలు ఆ పెట్టెల పక్కనే వుంటాడు. అతనికీ చెవి వుంది, వొడుపు వుంది. యే పాటకి జనం లేస్తారో, యెక్కడ ఆపితే కేక వేస్తారో అతనికి తెలుసు. కానీ మనం అతన్ని అడిగేది ఒక్కటే: "ఇంకా పెంచు!" పాడిందెవరో, వాయించిందెవరో, కూర్చిందెవరో మనకి అక్కర్లేదు. మిక్స్ ఆల్బమ్ పద్ధతి అది కాదు. ప్రతి పాటకీ హక్కుదారుల అనుమతి తీసుకోవాలి, వాళ్ల పేర్లు అట్ట మీద అచ్చు వెయ్యాలి. యితరుల పాటతో తన పేరు తెచ్చుకునేవాడు తీర్చవలసిన అప్పు అది.

అందుకని మిత్రులకి ఒక సూచన. వచ్చే కాలేజీ డే నాడు డి.జె.ని వద్దనకండి, పిలవండి. కానీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి ఒక గంట యివ్వండి. పక్కవాడి మాట వినపడేటంత చప్పుడు చాలనండి. అందులో ఒక జానపదం, ఒక మాండలిన్ ముక్క, ఒక జాజ్ ముక్క తప్పకుండా వుండాలని షరతు పెట్టండి. పాటల పేర్లు, కళాకారుల పేర్లు బోర్డు మీద రాయించండి. అతుకు యెక్కడ పడిందో పట్టుకోవడం వినేవాళ్ల వంతు. పట్టుకోలేకపోతే ఆ కుర్రాడికి చప్పట్లు కొట్టండి, ఎందుకంటే అతను విద్య నేర్చాడన్నమాట!