వీల్ స్పేసర్లు వేసుకుని రోజూ తిరగొచ్చా? మా బావ జిమ్నీ కథ

ఈ ఎపిసోడ్ జిమ్నీ, థార్ లాంటి బళ్లు ఉన్నవాళ్ల కోసం. ఇంకా కొనలేదు గానీ రాత్రి పన్నెండింటికి రీల్స్ చూస్తూ మనసులో ఎప్పుడో మోడిఫై చేసేసినవాళ్ల కోసం కూడా. ప్రశ్న ఒక్కటే. వీల్ స్పేసర్లు వేసుకుని రోజూ రోడ్డు మీద తిరగొచ్చా?

ఆన్సర్ ముందే చెప్పేస్తాను. మన ఊళ్లలో, మనం బండిని చూసుకునే తీరుకి, వద్దు. స్పేసర్ అంటేనే చెడ్డ వస్తువు అని కాదు. మరి ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే మా బావ బండి దగ్గర మొదలుపెట్టాలి.

మా అక్కావాళ్లది శ్రీకాకుళం. బావ పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేస్తాడు. రోజూ హైవే మీద పోనూ రానూ దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు. జిమ్నీ కొన్న ఏడాదికి ఆన్‌లైన్‌లో 30 మిల్లీమీటర్ల స్పేసర్లు తెప్పించి, ఒక టైర్ల షాపులో వేయించేశాడు. నిజం చెప్పాలంటే బండి బ్రహ్మాండంగా కనిపించింది. చక్రాలు బయటికి వచ్చి, కాళ్లు చాపి నిలబడ్డ కోడిపుంజులా ఉంది. నేనే ఫొటోలు తీసి స్టేటస్ పెట్టాను. అంటే ఇందులో నా తప్పు కూడా ఉంది.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం అక్కనీ మేనకోడలినీ ఎక్కించుకుని విజయనగరం మా ఇంటికి బయల్దేరాడు. రణస్థలం దాటాక వెనకనుంచి టక్ టక్ అని చప్పుడు. టైరులో రాయి ఇరుక్కుందనుకున్నాడు. పూసపాటిరేగ దాటేసరికి బండి వెనక భాగం వణకడం మొదలైంది. నాతవలస దగ్గర పక్కకి ఆపి, స్పానర్ పెట్టి అన్ని నట్లూ చూశాడు. తర్వాత నాకు ఫోన్. "ఒరే, ఏటిరా ఇది, నట్లన్నీ బిగువుగానే ఉన్నాయి గానీ బండి ఊగిపోతంది."

బైకేసుకుని వెళ్లాను. జాకీ పెట్టి వెనక ఎడమ చక్రం ఊడదీశాం. చక్రం వెనకాల స్పేసర్, ఆ స్పేసర్‌ని హబ్‌కి పట్టి ఉంచే నట్లు అయిదు. అందులో రెండు చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి. ఒకటి పూర్తిగా ఊడిపోయి, స్పేసర్‌కీ చక్రానికీ మధ్య గుంటలో పడి దొర్లుతోంది. టక్ టక్ అన్నది అదే. మేనకోడలు వెనక సీట్లో, సరిగ్గా ఆ చక్రం పైనే నిద్రపోతోంది. బావ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది అనుకునేదేంటంటే, బండి బరువంతా ఆ అయిదు స్టడ్ల మీద వేలాడుతుందని. అలా కాదు. నట్టు సరిగ్గా బిగించినప్పుడు స్టడ్ వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన స్టడ్ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడికి చక్రం హబ్‌కి గట్టిగా అదుముకుపోతుంది. బరువునీ బ్రేకునీ మోసేది ముఖ్యంగా ఆ రెండు ఇనుప ముఖాల మధ్య రాపిడి. బిగువు తగ్గిందా, చక్రం సన్నగా జరగడం మొదలవుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్ అటూ ఇటూ వంగుతుంది. జిమ్నీ టైరు కిలోమీటరుకి సుమారు 460 సార్లు తిరుగుతుంది. బావ రోజూ తిరిగే 70 కిలోమీటర్లకి లెక్కేస్తే 32 వేల సార్లు. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఏమవుతుందో చిన్నప్పుడు అందరం చూశాం.

మామూలు బండికి ఇలాంటి అతుకు చక్రానికి ఒక్కటే. బోల్ట్ ఆన్ స్పేసర్ వేస్తే రెండు అవుతాయి. హబ్‌కీ స్పేసర్‌కీ ఒకటి, స్పేసర్‌కీ చక్రానికీ ఇంకొకటి. రెండోది బయటికి కనిపిస్తుంది. మొదటిది కనిపించదు. దాన్ని చూడాలంటే చక్రం ఊడదీయాల్సిందే. కొత్తగా బిగించిన అతుకులో పెయింటు, దుమ్ము, తుప్పు పొర నలిగి సర్దుకుంటాయి, అందుకే మొదటి వంద కిలోమీటర్ల లోపు మళ్లీ టార్క్ చూడాలంటారు. నాలుగు చక్రాలూ ఊడదీసి, టార్క్ రెంచ్‌తో చూసి, మళ్లీ బిగించాలి. ఎవరు చేస్తారు? బావ చెయ్యలేదు. పంక్చర్ షాపతను గన్‌తో బయటి నట్లు బిగించి పంపేస్తాడు. అతన్ని అనడానికి లేదు, లోపల ఇంకో అయిదు ఉన్నాయని అతనికి ఎవరూ చెప్పలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇలాంటి సర్వర్లు చూశాను. లోపల ఎర్రర్లు, స్క్రీన్ మీద అంతా గ్రీన్.

సాలూరు లారీ డ్రైవర్లని గమనించండి. ఘాట్ ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి నట్ల మీద రాడ్‌తో కొట్టి చప్పుడు వింటారు. స్పేసర్ ఉంటే ఆ విద్య కూడా పనిచేయదు.

ఇంకో రకం ఉంది, స్లిప్ ఆన్. ఉత్త బిళ్ల. హబ్ మీద పెట్టి, పాత స్టడ్లకే చక్రం బిగిస్తారు. ఇది నాకు ఇంకా భయం. జిమ్నీ స్టడ్ 12 మిల్లీమీటర్లు, పిచ్ 1.25. నట్టు కనీసం స్టడ్ మందం అంత లోతు పట్టాలని ఇంజనీరింగ్‌లో మామూలు లెక్క. అంటే తొమ్మిది పది చుట్లు. 10 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే ఎనిమిది చుట్లు పోతాయి. పొడవు స్టడ్లు మార్చకుండా ఇది వేయించుకుంటే, మిగిలిన చుట్లు మీరే లెక్కపెట్టుకోండి.

మరి బేరింగ్ పోతుంది అంటారు కదా? అది కొంత నిజం, కొంత అతి. 30 మిల్లీమీటర్లు చక్రం బయటికి జరిగితే బేరింగ్ మీద మెలి పెరుగుతుంది. కానీ ఆఫ్‌సెట్ తక్కువ ఉన్న వెడల్పు అల్లాయ్ వేసినా అంతే పెరుగుతుంది. గట్టిగా మలుపు తిప్పినప్పుడు పక్కకి పడే బలం అంతకంటే చాలా ఎక్కువ మెలి పెడుతుంది. బేరింగ్ అరిగితే నెమ్మదిగా గుయ్యిమని చెప్పి మరీ పోతుంది. స్టడ్లు అలా ముందుగా చెబుతాయన్న గ్యారంటీ లేదు. ముందు చక్రాలకి వేస్తే స్టీరింగ్ కూడా మారుతుంది, గుంటలో పడితే చేతుల్లో గుంజుతుంది.

"మరి బండి వెడల్పు పెరిగితే స్టెబిలిటీ కదా" అని బావ వాదన. అదీ నిజమే. జిప్సీ సంగతి చూడండి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ ట్రాక్ మరీ ఇరుగ్గా ఉండేది. 1993లో కంపెనీయే వైడ్ ట్రాక్ జిప్సీ తెచ్చింది, ముందూ వెనకా 90 మిల్లీమీటర్లు పెంచి. కానీ స్పేసర్ పెట్టి కాదు. ఇరుసులే వెడల్పు చేసి, టైర్లు కప్పేలా ఫెండర్లు పెంచి. చక్రానికి అతుకు మాత్రం ఒక్కటే ఉంచారు. ఇప్పటి జిమ్నీ ట్రాక్ ముందు 1395, వెనక 1405 మిల్లీమీటర్లు. అంటే ఆ వైడ్ ట్రాక్ జిప్సీ కంటే కూడా ఎక్కువ వెడల్పు. బావ 60 కలిపాడు. దేనికోసం? పైడిభీమవరం హైవే కోసం.

మనకి ఇంకో తలనొప్పి ఉప్పు గాలి. ఎక్కువ స్పేసర్లు అల్యూమినియం, హబ్ ఇనుము. రెండు వేరు లోహాల మధ్య ఉప్పు నీరు చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. భీమిలి, కళింగపట్నం ఇసుకలో ఆడించి కడక్కుండా వదిలేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ తెల్ల పొడి పేరుకుంటే స్పేసర్ సమంగా కూర్చోదు, కొన్నిసార్లు ఊడి కూడా రాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. జర్మనీలో టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చిన స్పేసర్లు వేసుకోవచ్చు. పోర్షా అయితే కొన్ని మోడళ్లకి తనే ఇస్తుంది. కాబట్టి వస్తువు మంచిది కావచ్చు. మనకొచ్చేది ఆ వస్తువేనా అన్నదే డౌటు. బావ స్పేసర్ మధ్య రంధ్రం హబ్ మీద వదులుగా ఉంది. హబ్‌కి కరెక్టుగా కూర్చోకపోతే దాన్ని మధ్యలో నిలబెట్టే పని కూడా నట్ల మీదే పడుతుంది.

పెద్ద టైరు లోపల రుద్దుకుంటోంది కాబట్టి తప్పదు అనేవాళ్లకి నా సలహా, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి సరైన ఆఫ్‌సెట్ ఉన్న చక్రాలు తీసుకోండి. కాదు, కొండల్లో ఆడించే బండికి స్పేసరే కావాలంటే, హబ్‌కి అతికినట్టు కూర్చునే ఫోర్జ్‌డ్ బోల్ట్ ఆన్‌ది మాత్రమే. స్టడ్ కొన స్పేసర్ దాటి బయటికి రాకూడదు, వస్తే చక్రం దాని మీద కూర్చుని ఊగుతుంది. టార్క్ ఎంతో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది, జిమ్నీకి 100 న్యూటన్ మీటర్లు. ప్రతి ట్రిప్పు తర్వాత చక్రం ఊడదీసి లోపలివి చూడండి.

ఆ రోజు నాతవలసలో మేం చేసింది, స్పేసర్లన్నీ తీసేసి, చక్రాలు మామూలుగా బిగించి, 40 స్పీడులో ఇంటికి రావడం. మర్నాడు ఆ చక్రం స్టడ్లు అయిదూ మార్పించాం. చూడ్డానికి బాగానే ఉన్నవాటిని కూడా. స్పేసర్లు ఓఎల్‌ఎక్స్‌లో పెడతానన్నాడు బావ. "కొన్నవాడి బండిలో వెనక సీట్లో ఎవరుంటారో బావా" అన్నాను. ఇప్పుడవి వాళ్ల మేడ మీద ఉన్నాయి. అక్క నాలుగింటినీ కుండీల కింద పెట్టింది.